ఎడారిని కెమెరాలో దాచిన షేక్స్‌పియర్



షేక్స్‌పియర్ అనగానే మీకు హామ్లెట్టో, మాక్‌బెత్తో గుర్తుకొచ్చి ఉంటారు. ఈ వ్యాసం ఆ మహానుభావుడి గురించి కాదు. మన కువైట్‌లోనే, గల్ఫ్ రోడ్డు మీద, సముద్రానికి ఎదురుగా ఉన్న ఒక పాత ఇంట్లో నూరేళ్ళ పైచిలుకు కిందట ఇంకొక షేక్స్‌పియర్ ఉండేవారు. పూర్తి పేరు కెప్టెన్ విలియం హెన్రీ ఇర్విన్ షేక్స్‌పియర్. ఇంగ్లీషులో రాసేటప్పుడు ఈయన ఇంటిపేరు చివర 'ఈ' అక్షరం ఉండదు. ఆయన కలం పడితే, ఈయన కెమెరా పట్టారు. అదీ తేడా!

నాకు ఈయన పరిచయమైన తీరు కాస్త తమాషాగా జరిగింది. నేను వృత్తిరీత్యా సాఫ్ట్‌వేర్ ఇంజనీరుని. బయటి దేశంలో మాస్టర్స్ చదివి, ఉద్యోగం కోసం కువైట్ వచ్చాను. మొదటి జీతంతో ఇంటికి డబ్బు పంపాను. రెండో జీతంతో మంచి డిజిటల్ కెమెరా కొన్నాను. కొన్న ఉత్సాహంలో మే నెలలో ఒక శుక్రవారం మధ్యాహ్నం సాల్మీ రోడ్డు వైపు ఎడారి ఫోటోలు తీయడానికి బయల్దేరాను. వచ్చిన ఫోటోలు ఎలా ఉన్నాయంటే, తెల్ల కాగితం మీద గోధుమ పిండి చల్లినట్టు! నీడ లేదు, లోతు లేదు, దూరం తెలియదు. పైగా అక్కడే లెన్స్ మార్చబోతే లోపలికి ఇసుక పోయింది. ఇంటికొచ్చి, ఈ ఎడారిలో తీయడానికి ఏముందిలే అని కెమెరా అల్మరాలో పెట్టేశాను.

రెండేళ్ళ తర్వాత ఒక మిత్రుడు బలవంతం చేస్తే జనవరిలో ఒక ఒక్కరోజు ఫోటోగ్రఫీ వర్క్‌షాపుకి వెళ్ళాను. తెల్లవారుజామున నాలుగున్నరకల్లా పది పదిహేను మందిమి ముత్లా గుట్టల దగ్గర చలికి వణుకుతూ నిలబడ్డాం. నేర్పించడానికి వచ్చిన కువైటీ పెద్దాయన కెమెరాలు బయటికి తీయనివ్వలేదు. బ్యాగులోంచి ఒక పాత ఫోటో ప్రింటు తీసి టార్చిలైటు వెలుగులో అందరికీ చూపించారు. ఒంటెల మీద సైనికులు, పైకెత్తిన జెండా, వరుసగా సాగిపోతున్న దండు, వెనక ఏమీ లేని ఆకాశం. ఇది తీసినవాడు ఎక్కడ నిలబడ్డాడో చెప్పమని అడిగారు. గుట్ట మీద అని ఒకరు, ఒంటె మీద అని ఒకరు, తలో మాటా అన్నాం. ఆయన నవ్వి, ముందు సూర్యుడు ఎటున్నాడో చూడండి, తర్వాత నేల ఎంత ఎత్తులో కనబడుతోందో చూడండి, మనిషి దొరుకుతాడు అన్నారు. ఆ మనిషే ఈ షేక్స్‌పియర్. ఆయన కథ నాకు తెలిసినంతలో మీకు చెబుతాను.

పంజాబులో పుట్టిన దొర

షేక్స్‌పియర్ 1878 అక్టోబరు 29న అప్పటి బ్రిటిష్ ఇండియాలోని పంజాబులో పుట్టారు. తరతరాలుగా ఇండియాలో కొలువు చేసిన కుటుంబం. ఆ రోజుల్లో తెల్లదొరల పిల్లల్ని చదువుకి సీమకు పంపేవారు కదా, ఈయన్నీ అలాగే పంపారు. శాండ్‌హర్స్ట్ సైనిక కళాశాలలో శిక్షణ పూర్తయ్యాక మళ్ళీ ఇండియాకే వచ్చి బెంగాల్ అశ్విక దళంలో చేరారు. గుర్రపు స్వారీ, వేట, భాషలు ఆయనకు మూడు వ్యసనాలు. హిందుస్తానీ, పర్షియన్, అరబ్బీ బాగా నేర్చారు.

భాషలు వచ్చిన సైనికాధికారులని అప్పటి భారత ప్రభుత్వం తన పొలిటికల్ డిపార్ట్‌మెంటులోకి తీసుకునేది. షేక్స్‌పియర్ కూడా 1904లో అలా చేరి, పర్షియా తీరంలోని బందర్ అబ్బాస్‌లోను, బుషైర్‌లోను పనిచేశారు. బుషైర్‌లో ఆయన పై అధికారి పెర్సీ కాక్స్. తర్వాతి రోజుల్లో గల్ఫ్ చరిత్రనే మార్చిన వ్యక్తి ఈ కాక్స్.

ఒక చిన్న ముచ్చట చెబితే షేక్స్‌పియర్ ఎలాంటివారో తెలుస్తుంది. 1907లో ఆయనకు సెలవు దొరికింది. అందరూ ఓడ ఎక్కి ఇంగ్లండ్ వెళతారు. ఈయన మాత్రం 8 హార్స్‌పవర్ రోవర్ కారు ఒకటి తెప్పించుకుని బుషైర్ నుంచి ఇంగ్లండ్ దాకా నడుపుకుంటూ వెళ్ళారు! మన ఊళ్ళో తిరిగే స్కూటర్‌కి అంత బలం ఉంటుంది. దారిలో సరైన రోడ్డు లేదు, పెట్రోలు బంకు లేదు, మెకానిక్కు లేడు. దూరాన్ని చూస్తే ఆగలేని మనిషి ఆయన.

ఢిల్లీకి జవాబు చెప్పే కువైట్

1909లో ఆయన్ని కువైట్‌కి పొలిటికల్ ఏజెంటుగా పంపారు. ఇక్కడ ఒక విషయం చెప్పాలి. మనలో చాలామంది కువైట్‌కీ ఇండియాకీ సంబంధం చమురు తర్వాతే మొదలైందనుకుంటాం. అది నిజం కాదు. 1899లో షేక్ ముబారక్ బ్రిటిష్‌వారితో ఒప్పందం చేసుకున్నాక ఇక్కడి వ్యవహారాలు చూసింది ఇండియాలోని బ్రిటిష్ ప్రభుత్వమే. కువైట్ ఏజెంటు బుషైర్‌లోని రెసిడెంటుకి రిపోర్టు రాస్తే, అది కలకత్తాకో, సిమ్లాకో, తర్వాత ఢిల్లీకో చేరేది. 1961లో దినార్ వచ్చేదాకా ఇక్కడ చెలామణీ అయిన డబ్బు రూపాయలే.

మొదటి ఏజెంటు నాక్స్ 1904లో వచ్చారు. షేక్స్‌పియర్ ఆయన తర్వాతివారు. వాళ్ళు ఉన్న ఇంటినే ఇప్పుడు మనం డిక్సన్ హౌస్ అంటున్నాం. 1929లో ఏజెంటుగా వచ్చిన హెరాల్డ్ డిక్సన్, ఆయన భార్య వయొలెట్ డిక్సన్ ఆ ఇంట్లోనే స్థిరపడిపోవడంతో వాళ్ళ పేరే నిలిచిపోయింది. తెల్లటి గోడలు, నీలం రంగు తలుపులు, చెక్క వరండా... ఎన్నిసార్లు ఆ దారిన కారులో పోయామో! ఒక్కసారైనా ఆగామా?

షేక్స్‌పియర్ చూసిన కువైట్ మట్టి ఇళ్ళ పట్టణం. మనకిప్పుడు గేట్లు మాత్రమే మిగిలిన పట్టణపు గోడ అప్పటికింకా కట్టలేదు. దాన్ని 1920లో కట్టి, 1957లో కూల్చేశారు. ఒడ్డున వరుసగా పడవలు, ఎండాకాలంలో ముత్యాల వేటకి పోయేవి, చలికాలంలో బొంబాయికి, ఆఫ్రికాకి సరుకులతో పోయేవి. 1912వ సంవత్సరం ముత్యాల వ్యాపారానికి ఎంత కలిసొచ్చిందంటే, కువైటీలు ఆ ఏటికి ఒక పేరే పెట్టుకున్నారు. అరబ్బీలో దాని అర్థం పొంగిపొర్లిన సంవత్సరం అని. మన చార్మినార్ దగ్గర అమ్మకందారు గర్వంగా చెప్పే బస్రా ముత్యాలు ఈ నీళ్ళవే సుమా! ఆ సంవత్సరం షేక్స్‌పియర్ ఇక్కడే ఉన్నారు. ఆ పట్టణాన్నీ, ఆ తీరాన్నీ, ఆ మనుషుల్నీ ఫోటోలు తీశారు.

1913లో అడ్మిరల్ స్లేడ్ నాయకత్వంలో ఒక బృందం వచ్చి బుర్గాన్ దగ్గర తారు ఊటల్ని చూసి వెళ్ళింది. ఆ బుర్గాన్‌లో చమురు పడింది 1938లో. అంటే షేక్స్‌పియర్ ఫోటోల్లో ఉన్న కువైట్, డబ్బు రాకముందు కువైట్. ఆ ఫోటోల విలువ అదే.

ఎడారికీ ముహూర్తం ఉంటుంది

ఏజెంటు పని ఎక్కువగా ఆఫీసు పని. ఉత్తరాలు, తగాదాలు, ఓడల లెక్కలు. చాలామంది అధికారులు ఆ ఇంటి వరండాలోంచే ఎడారిని చూసి బదిలీ అయ్యారు. షేక్స్‌పియర్ అలా ఉండలేకపోయారు. కువైట్ నుంచి అరేబియా లోపలికి మొత్తం ఏడు ప్రయాణాలు చేశారు. ఒంటెలు, గుడారాలు, వేట కుక్కలు, డేగ, వాటితో పాటు కెమెరా. అరబ్బుల వేషం వేసుకుని రహస్యంగా తిరిగే అలవాటు ఆయనకు లేదు. దొర దొరలాగే, టోపీతో, తన గుడారం తను వేసుకుని తిరిగేవారు. నేనెవరో అందరికీ తెలియాలి అన్నది ఆయన పద్ధతి.

ఆయన ప్రయాణాల తేదీలు చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. పెద్ద ప్రయాణాలు చలికాలంలోనో, వసంతంలోనో మొదలయ్యాయి. కారణం నీళ్ళు, ఒంటెల మేత. కానీ ఫోటో తీసేవాడికి కూడా అదే సరైన కాలం. ఇంజనీరుని కనుక లెక్క వేసి చూశాను. డిసెంబరు చివర్లో కువైట్‌లో మిట్ట మధ్యాహ్నం కూడా సూర్యుడు 37 డిగ్రీల ఎత్తుకి మించి లేవడు. అంటే ఆరడుగుల మనిషి నీడ మధ్యాహ్నం పన్నెండింటికి కూడా ఎనిమిది అడుగులు ఉంటుంది. అదే జూన్ చివర్లో సూర్యుడు 84 డిగ్రీలకు చేరతాడు. ఆ మనిషి నీడ జానెడు కూడా ఉండదు! ఇసుక అలలకీ, గుట్టలకీ, ఒంటె కాలి అడుగులకీ రూపం ఇచ్చేది నీడే. నీడ లేకపోతే ఎడారి లేదు. మే నెల మధ్యాహ్నం నా ఫోటోలు గోధుమ పిండి కావడానికి కారణం కెమెరా కాదని అప్పుడు అర్థమైంది.

మన పల్లెల్లో రైతులు కార్తెలు చూసి పని మొదలెడతారు. రోహిణిలో రోళ్ళు పగులుతాయి, మృగశిరలో ముంగిళ్ళు చల్లబడతాయి అని మన పెద్దలు అనేవారు. ఇక్కడి బదూలు కూడా నక్షత్రాలనే చూసేవారు. వాళ్ళు సుహైల్ అని పిలిచేది మన అగస్త్య నక్షత్రాన్నే. ఆగస్టు చివర, సెప్టెంబరు మొదట్లో తెల్లవారుజామున దక్షిణం వైపు సుహైల్ కనబడితే వేసవి నడుం విరిగినట్టు. అక్టోబరు మధ్యలో మొదలయ్యే కాలాన్ని వస్మ్ అంటారు. అప్పుడు వాన పడితే ఎడారి పచ్చబడుతుంది, భూమిలోపల ఫగా అనే పుట్టగొడుగులాంటి దుంపలు ఊరతాయి. మార్చి చివర్నుంచి సరాయాత్ అనే ఉరుముల గాలివానలు. జూన్, జులైల్లో వాయవ్యపు గాలి, దానితో దుమ్ము. ఆ కాలంలోనే 2016 జులై 21న మన మిత్రిబాలో 53.9 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైంది. షేక్స్‌పియర్ తన దారి చూపేవాళ్ళ నుంచి ఈ కాలజ్ఞానమంతా నేర్చుకోకుండా ఏడు ప్రయాణాలు చేసి ఉండలేరు.

ఆ రోజుల్లో ఎడారిలో ఫోటో తీయడమంటే ఏమిటో ఒక్కసారి ఆలోచించండి. మెమరీ కార్డు లేదు. తీసింది వెంటనే చూసుకునే వీలు లేదు. లెక్కపెట్టి తెచ్చుకున్న నెగటివ్‌లు మాత్రమే. వేడికి వాటి మీది పూత పాడవుతుంది, దుమ్ముకి గీతలు పడతాయి, కడగడానికి మంచినీళ్ళు కావాలి. తాగడానికే ఉప్పునీళ్ళు దొరికే చోట ఫోటో కోసం నీళ్ళు ఖర్చు చేయాలంటే మనసు ఒప్పుకోవాలి. అందుకే ఆ కాలం వాళ్ళు మీట నొక్కే ముందు బాగా చూసేవారు. మేము ఆ రోజు ముత్లాలో పది నిముషాల్లో రెండొందల ఫోటోలు తీశాం. వాటిలో ఇంట్లో గోడకి పెట్టుకోదగ్గది ఒక్కటీ లేదు!

ఎడారి రాజుతో స్నేహం

1910లో కువైట్‌లో షేక్ ముబారక్ అతిథిగా నజ్ద్ ప్రాంతపు పాలకుడు అబ్దుల్ అజీజ్ ఇబ్న్ సౌద్ వచ్చారు. ఇబ్న్ సౌద్‌కి కువైట్ కొత్త కాదు. రియాద్‌ని శత్రువులు ఆక్రమించుకున్నాక ఆ కుటుంబం తలదాచుకున్నది కువైట్‌లోనే. ఇక్కడ పెరిగిన కుర్రాడే 1902లో కొద్దిమంది అనుచరులతో వెళ్ళి రియాద్‌ను తిరిగి గెలుచుకున్నాడు. షేక్స్‌పియర్ ఆయన్ని తన ఇంటికి భోజనానికి పిలిచారు, ఫోటో తీశారు. ఇబ్న్ సౌద్‌ని తీసిన తొలి ఫోటోలుగా వాటినే చెబుతారు. ఇద్దరిదీ ఇంచుమించు ఒకే ఈడు. ఇద్దరికీ గుర్రాలు, డేగలు, వేట అంటే ప్రాణం. స్నేహం కుదిరింది.

మరుసటి సంవత్సరం, 1911లో, షేక్స్‌పియర్ కువైట్‌కి దక్షిణాన ఎడారిలో విడిది చేసి ఉన్న ఇబ్న్ సౌద్ దగ్గరికే వెళ్ళారు. ఇబ్న్ సౌద్‌ని, ఆయన తమ్ముళ్ళని, పిల్లల్ని గుడారాల ముందు ఫోటోలు తీశారు. దండు నడక సాగిస్తున్నప్పుడు తీసిన ఫోటో ఒకటి ప్రపంచ ప్రసిద్ధమైంది. ముత్లాలో మాకు చూపించింది దాన్నే. ఇవాళ సౌదీ చరిత్ర మీద వచ్చే పుస్తకాల్లో, మ్యూజియాల్లో ఆ దండు బొమ్మ కనబడుతూనే ఉంటుంది.

ఆ ఫోటోలో ల్యాండ్‌స్కేప్ అంటూ చూపించడానికి ఏమీ లేదు. చెట్టు లేదు, కొండ లేదు. ఒక గీతలాంటి నేల, మిగతాదంతా ఆకాశం. కానీ ఆ గీత మీద మనుషులు ఉండడం వల్ల ఎడారి ఎంత పెద్దదో తెలుస్తుంది. మనిషినో, ఒంటెనో, ఒక్క గుడారాన్నో ఫ్రేములో పెట్టకపోతే ఎడారికి కొలత ఉండదని మా పెద్దాయన చెప్పారు. ఎడారి ఫోటోకి మొదటి పాఠం అది.

అయితే ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పుకోవాలి. షేక్స్‌పియర్ సరదాకి తిరిగిన యాత్రికుడు కాదు. సామ్రాజ్యపు ఉద్యోగి. ఏ బావిలో నీళ్ళున్నాయి, ఏ తెగ ఎటు వైపు ఉంది, ఏ దారిన సైన్యం నడవగలదు, ఇవన్నీ ఆయన రిపోర్టుల్లోకి వెళ్ళేవి. మ్యాపు గీసేవాడి చేతిలో కెమెరా కూడా ఒక కొలత సాధనమే. అప్పుడు మనమూ ఆ సామ్రాజ్యం కింద ఉన్నవాళ్ళమే కనుక ఈ సంగతి మరిచిపోకూడదు. కానీ రిపోర్టులు ఫైళ్ళలో మాగిపోయాయి. ఫోటోలు మాత్రం ఏ నేల మీద తీశారో ఆ నేలవాళ్ళ ఆస్తి అయ్యాయి. తమ తాతల ముఖాలు, తమ ఊరి తీరం చూసుకోవడానికి కువైటీలు, సౌదీలు ఇవాళ వాటినే వెతుక్కుంటున్నారు.

పద్దెనిమిది వందల మైళ్ళు

ఇబ్న్ సౌద్‌తో బ్రిటన్ స్నేహం చేసుకోవాలని షేక్స్‌పియర్ పదేపదే రాశారు. పై అధికారులకు అది రుచించలేదు. అప్పట్లో టర్కీని నొప్పించకూడదన్నది లండన్ విధానం. ఎడారి లోపలి తగాదాల్లో తలదూర్చవద్దన్నారు.

కువైట్‌లో పదవీకాలం ముగిసింది. సెలవు మీద ఇంటికి పోవాలి. 1907లో కారేసుకుని పోయిన మనిషి ఈసారి ఒంటె ఎక్కారు. 1914 ఫిబ్రవరి 3న కువైట్ నుంచి బయల్దేరి, మార్చిలో రియాద్ చేరి, ఇబ్న్ సౌద్ అతిథిగా ఉండి, అక్కణ్ణించి బురైదా, జౌఫ్ మీదుగా అరేబియాని అడ్డంగా దాటి మే నెలలో సూయజ్ కాలువ దగ్గర తేలారు. మొత్తం దాదాపు 1,800 మైళ్ళు. అందులో 1,200 మైళ్ళ దారిని అంతకు ముందు ఎవరూ మ్యాపుల్లో గుర్తించలేదు. దిక్సూచితో దిక్కులు, నక్షత్రాలతో అక్షాంశాలు కొలుచుకుంటూ, ఫోటోలు తీసుకుంటూ సాగిన ప్రయాణం. సరిగ్గా ఆ నెలల్లోనే గెర్ట్రూడ్ బెల్ అనే మహిళ కూడా తన కెమెరాతో ఉత్తరాన హాయిల్ దాకా వచ్చి వెళ్ళారు. ఒకే వసంతంలో, ఒకే ఎడారిలో, ఇద్దరు ఫోటోగ్రాఫర్లు!

ఈ ప్రయాణపు లెక్కలూ, మ్యాపూ షేక్స్‌పియర్ బతికుండగా వెలుగు చూడలేదు. ఆయన కాగితాల ఆధారంగా డగ్లస్ కారుథర్స్ అనే యాత్రికుడు రాసిన వ్యాసం 1922లో రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీ పత్రికలో వచ్చింది. ఆయన ఫోటోలు ఆ సొసైటీ భాండాగారంలో ఉన్నాయి.

జరాబ్

ఆయన లండన్ చేరిన కొద్ది నెలలకే మొదటి ప్రపంచ యుద్ధం మొదలైంది. టర్కీ శత్రువుల పక్షాన చేరడం ఖాయమని తేలగానే, నిన్నటి దాకా ఇబ్న్ సౌద్ జోలికి పోవద్దన్నవారికే ఇబ్న్ సౌద్ కావలసివచ్చారు. ఆయనకు స్నేహితుడైన ఇంగ్లీషువాడు ఒక్కడే. షేక్స్‌పియర్‌ని ఉన్నపళంగా వెనక్కి పంపారు. డిసెంబరు చివరికి ఆయన ఇబ్న్ సౌద్ విడిదికి చేరి ఒప్పందం ముసాయిదా రాయడం మొదలెట్టారు.

ఆ సమయంలోనే హాయిల్ పాలకుడు, టర్కీ మిత్రుడైన ఇబ్న్ రషీద్‌తో ఇబ్న్ సౌద్‌కి యుద్ధం ముంచుకొచ్చింది. ఇది నీ యుద్ధం కాదు, వెళ్ళిపో అని ఇబ్న్ సౌద్ చెప్పి చూశారు. షేక్స్‌పియర్ కదల్లేదు. కనీసం మా దుస్తులు వేసుకో, దూరానికి గుర్తుపట్టకుండా ఉంటారు అన్నా వినలేదు. 1915 జనవరి 24న జరాబ్ అనే చోట రెండు దండులూ తలపడ్డాయి. షేక్స్‌పియర్ తన ఖాకీ దుస్తుల్లో ఒక మిట్ట మీద నిలబడ్డారు. ఫోటోలు తీస్తున్నారని కొందరూ, ఫిరంగిని సర్దుతున్నారని కొందరూ చెప్పారు. పక్కనున్న దండు చెదిరి వెనక్కి పారిపోయింది. ఆయన పారిపోలేదు. శత్రువుల తూటాలకి అక్కడే నేలకొరిగారు. వయసు 36 సంవత్సరాలు. పెళ్ళి కాలేదు. ఆయన టోపీని తీసుకుపోయి, ఇంగ్లీషువాళ్ళతో ఇబ్న్ సౌద్ చేతులు కలిపాడనడానికి రుజువుగా టర్కీవాళ్ళు మదీనా గుమ్మానికి వేలాడదీశారని చెబుతారు.

ఆయన మొదలెట్టిన ఒప్పందం మీద అదే ఏడు డిసెంబరు 26న దారీన్‌లో ఇబ్న్ సౌద్, పెర్సీ కాక్స్ సంతకాలు చేశారు. కానీ అప్పటికే బ్రిటిష్‌వాళ్ళ దృష్టి పడమటి తీరం వైపు, మక్కా షరీఫ్ వైపు మళ్ళింది. అక్కడికి వెళ్ళిన లారెన్స్ అనే యువ అధికారి లారెన్స్ ఆఫ్ అరేబియా అయ్యాడు. ఆ కీర్తి ఎలా వచ్చింది? లోవెల్ థామస్ అనే అమెరికన్ పాత్రికేయుడు, ఆయన కెమెరామన్ హ్యారీ చేజ్ వెంటబడి తీసిన బొమ్మల వల్ల! 1919లో లండన్‌లో ఆ బొమ్మలతో ప్రదర్శనలు ఇస్తే జనం విరగబడి చూశారు. లారెన్స్ కెమెరా ముందు నిలబడ్డాడు. షేక్స్‌పియర్ కెమెరా వెనక నిలబడ్డారు. లోకం ఎవర్ని గుర్తు పెట్టుకుందో మీకు తెలుసు.

మనం ఎక్కడ నిలబడ్డాం?

ఇది చదివాక నేను మా ఊరి ఇంట్లోని ఫోటోలు గుర్తు చేసుకున్నాను. మా చెల్లి పెళ్ళి, అమ్మకి కంటి ఆపరేషన్ అయ్యాక తీసిన గ్రూప్ ఫోటో, మేనల్లుడి అన్నప్రాసన... ఏ ఒక్కదాంట్లోనూ నేను లేను. నేను ఇక్కడున్నాను. సరే, ఇక్కడి ఫోటోల్లో ఉన్నానా అంటే, అవీ నాలుగే నాలుగు. కువైట్ టవర్స్ ముందు ఒకటి, షాపింగ్ మాల్‌లో రెండు, కారు పక్కన ఒకటి. పదేళ్ళకు పైగా బతికిన నేలది ఒక్క ఫోటో లేదు. షేక్స్‌పియర్ ఇక్కడ ఐదేళ్ళే ఉన్నారు. పైగా రేపు ఈ దేశం వదిలి వెళ్ళాక మా పిల్లలు, నాన్నా నువ్వున్న చోటు ఎలా ఉండేది అని అడిగితే ఏం చూపించాలి?

అందుకే ఆ జనవరి తర్వాత ప్రతి చలికాలం నెలకోసారైనా బయటికి పోతున్నాను. మీరూ వెళ్ళాలనుకుంటే, చేతులు కాల్చుకున్నవాడిగా నాలుగు మాటలు చెబుతాను.

నవంబరు మధ్య నుంచి మార్చి మధ్య దాకా గుడారాల కాలం. ఎడారి ఫోటోలకీ అదే కాలం. తెల్లవారే ముందు చేరుకోండి, సూర్యుడు లేచాక గంట సేపు తీయండి, ఆపైన టీ తాగండి. సూర్యుణ్ణి వీపు వెనక పెట్టుకోకండి, పక్కన పెట్టుకోండి. అప్పుడే ఇసుక అలలు లేస్తాయి. డిసెంబరు, జనవరిల్లో పొగమంచు పట్టిన ఉదయం దొరికితే ముత్లా నుంచి కువైట్ అఖాతం వైపు చూడండి. వాన పడిన ఏడు వసంతంలో పసుపు పచ్చని అర్ఫజ్ పూలు పూస్తాయి. అది కువైట్ జాతీయ పుష్పం. దానికి మోకాళ్ళ మీద కూర్చుని, నేలకి దగ్గరగా కెమెరా పెట్టండి. మార్చి చివర సరాయాత్ మేఘాలు అద్భుతంగా ఉంటాయి, కానీ ఉరుములు వినబడితే కారులోకి వచ్చేయండి.

ఎడారిలో లెన్స్ మార్చకండి. ఏ లెన్స్ కావాలో ఇంట్లోనే బిగించుకోండి. ఎండాకాలంలో ఏసీ కారులోంచి కెమెరాని ఒక్కసారిగా బయటికి తీస్తే, ముఖ్యంగా ఆగస్టులో తీరం దగ్గర, లెన్స్ మీద ఆవిరి పడుతుంది. ప్లాస్టిక్ సంచిలో పెట్టి పావుగంట ఆగండి. కొత్త దారులు తొక్కకండి. 1990, 91 యుద్ధపు మందుపాతరలు, పేలని బాంబులు ఇప్పటికీ అక్కడక్కడా బయటపడుతుంటాయి. నడిచిన దారిలోనే నడవండి, తెలియని ఇనుప వస్తువు ముట్టుకోకండి. చమురు బావులు, సైనిక స్థావరాలు, ప్రభుత్వ కట్టడాల వైపు కెమెరా తిప్పకండి. మనుషుల్ని, మరీ ముఖ్యంగా ఆడవాళ్ళని, అడగకుండా తీయకండి. ఒంటరిగా వెళ్ళకండి, ఎక్కడికి పోతున్నారో ఇంట్లో చెప్పి వెళ్ళండి.

ఇంకొక్క మాట. ముత్లా దగ్గర ఇప్పుడు పెద్ద కొత్త నగరం కట్టారు. నేను మొదట్లో తీసిన కొన్ని ఫోటోల్లోని ఖాళీ నేల మీద ఇవాళ ఇళ్ళున్నాయి. కొద్ది సంవత్సరాల నా ఫోటోలే అప్పుడే పాతవయ్యాయి! ఎవరో ఒకరు తీసి ఉంచకపోతే ఆ నేల ఎలా ఉండేదో మర్చిపోతాం.

పోయిన చలికాలం నేను, మా ఆవిడ, పిల్లలు కలిసి వెళ్ళాం. నేను మిట్ట మీద నిలబడి కింద ఇసుకలో ఆడుతున్న ముగ్గుర్నీ తీశాను. ప్రొద్దున్నే కనుక నా నీడ కూడా పొడుగ్గా ఫ్రేములోకి వచ్చి పడింది. చెరిపేద్దామని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఎందుకో చేతులు రాలేదు. ఊరికి అలాగే పంపాను. అమ్మ ఫోన్ చేసి, ఆ నీడ నీదేనా నాయనా అని అడిగింది.

ఈ శుక్రవారం ఎటూ వెళ్ళకపోతే, కనీసం డిక్సన్ హౌస్ దాకా వెళ్ళి రండి. ఒక కెప్టెన్ అక్కణ్ణించే ఒంటెలు కట్టుకుని బయల్దేరేవాడని పిల్లలకి చెప్పండి. మళ్ళీ కలుద్దాం. అంతవరకూ శెలవు.